సీమ నేలల్లో చెరువు మట్టి, దిబ్బ ఎరువు, జిప్సం: దేనికి, ఎంత, ఎప్పుడు

అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అందులో ఎక్కువ భాగం కొన్ని పెద్ద వానల్లోనే పడిపోతుంది, మిగతా కాలమంతా ఎండు గాలి. ఎకరంలో ఒక్క సెంటీమీటరు వాన పడితే 40 వేల లీటర్ల నీళ్లు వచ్చినట్టు. ఆ నీళ్లు చేనులో ఇంకి నిలుస్తాయా, వంకలో పోతాయా అన్నది నేల పైపొరను బట్టి ఉంటుంది. నేలను బాగుచేసే పదార్థాలన్నీ ఆ పైపొర గుణం మార్చడానికే.

మొదట ఒక లెక్క మనసులో పెట్టుకోండి. ఎకరం చేనులో పైన 15 సెంటీమీటర్ల మట్టి బరువు దాదాపు 900 టన్నులు. ఎవరైనా అయిదు కిలోల సంచి చూపించి ‘ఇది చల్లితే నేల గుల్లబారుతుంది’ అంటే ఈ 900 టన్నులతో పోల్చి చూడండి. హ్యూమిక్ గుళికలు, సముద్రపు నాచు ద్రావణాలు పైరు వేళ్లకు కొంత ఊతమివ్వవచ్చు గానీ, అంత కొద్ది మోతాదులో నేల నిర్మాణాన్ని మార్చలేవు. నేల మారాలంటే టన్నుల్లో వేయాలి. అందుకే ఏది వేయాలో తేల్చుకోకుండా ట్రాక్టరు బాడుగకు మాట్లాడకండి.

ముందు నేల జబ్బు తెలుసుకోండి

ఏప్రిల్, మే నెలల్లో చేను ఖాళీగా ఉన్నప్పుడు మట్టి నమూనా తీయండి. చేనంతా అడ్డదిడ్డంగా నడుస్తూ ఎనిమిది, పది చోట్ల పైచెత్త పక్కకు నెట్టి, ఇంగ్లీషు ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీయండి. గుంట గోడ వెంట పైనుంచి కిందికి ఒకే మందాన పలుచటి ముక్క చెక్కండి. అన్నీ గోనెపట్టా మీద కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారేయండి. అరకిలో మిగిలేదాకా ఇలాగే చేసి, నీడలో ఆరబెట్టి, రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి. చెట్ల కింద, గట్ల పక్కన, పాత దిబ్బ ఉన్న చోట తీయొద్దు. చౌడు మచ్చలున్న చోటు నమూనా వేరుగా కట్టండి. మంచి మట్టితో కలిపితే రెండింటి ఫలితమూ తప్పే వస్తుంది. పీహెచ్ (పులుపు, క్షార గుణం), ఈసీ (కరిగిన లవణాల కొలత), సేంద్రియ కర్బనం ఎలాగూ చూస్తారు. చౌడు అనుమానముంటే జిప్సం ఎంత అవసరమో కూడా తేల్చమని ప్రత్యేకంగా అడగండి.

రిపోర్టు వచ్చేలోగా ఇంటి దగ్గరే రెండు పరీక్షలు చేసుకోవచ్చు.

ఒకటి సీసా పరీక్ష. లీటరు ప్లాస్టిక్ సీసాలో మూడో వంతు పొడి మట్టి, చెంచాడు బట్టల సబ్బు పొడి వేసి, నీళ్లు నింపి అయిదు నిమిషాలు గట్టిగా ఊపి నిలబెట్టండి. నిమిషంలో అడుగున కూర్చునేది ఇసుక. తర్వాత ఒకటి రెండు గంటల్లో దాని మీద చేరేది ఒండ్రు. మర్నాడు దాకా నీళ్లలో తేలి మెల్లగా దిగేది బంక. అడుగంతా ఇసుకే కనిపించి, పైన వేలి గోరంత మందం కూడా బంక లేకపోతే మీ నేలకు చెరువు మట్టి కావాలి.

రెండోది చౌడు పరీక్ష. గాజు గ్లాసులో వాననీళ్లు గానీ, మినరల్ వాటర్ ప్లాంటు నీళ్లు గానీ పోసి, శనగ గింజంత ఎండు పెళ్లను మెల్లగా జారవిడిచి కదపకుండా ఉంచండి. పెళ్ల విరిగి ముక్కలుగా పడితే భయం లేదు. రెండు మూడు గంటల్లో దాని చుట్టూ పాలు కలిసినట్టు తెల్లటి మబ్బు పాకితే సోడియం ఎక్కువైందన్నమాట. బోరు నీళ్లతో ఈ పరీక్ష చేయకండి. ఆ నీళ్లలో ఉండే లవణాలు మబ్బు రాకుండా ఆపి, చెడ్డ నేలను మంచిదిగా చూపిస్తాయి.

ఎర్రనేలకు చెరువు మట్టి

ఎర్ర ఇసుక నేలలో మెట్ట వేరుశనగ వేసేవాళ్లకు అన్నిటికంటే ఎక్కువకాలం నిలిచే మేలు చెరువు మట్టే. దిబ్బ ఎరువు మన ఎండకు రెండు మూడేళ్లలో కరిగిపోతుంది. బంక కుళ్లిపోయేది కాదు; వాన కోతకు కొట్టుకుపోతే తప్ప ఎటూ పోదు. అందుకే వాలుకు అడ్డంగా గట్లు సరిచేసుకున్నాకే మట్టి తోలండి. గట్టు తెగిన చేనుకు తోలిన మట్టి వచ్చే ఏడు కింది రైతు చేనులో ఉంటుంది.

అన్ని చెరువుల మట్టీ పనికిరాదు. ఎండిన చెరువులో నీళ్లు ఆఖరున ఆరిన లోతట్టు భాగంలో, పైన అడుగు, అడుగున్నర మందాన ఉండేదే సారమైన పొర. కట్ట దగ్గరికంటే వంక చెరువులో కలిసే నోటి దగ్గర ఇసుక ఎక్కువ ఉంటుంది. పిడికెడు తడిపి అరచేతుల మధ్య తాడులా పేనండి. పెన్సిల్ మందాన వచ్చి, వేలికి చుట్టినా విరగకపోతే మంచి బంక. సుద్ద గడ్డలు, తెల్ల రాళ్లు ఎక్కువ కనిపిస్తే వదిలేయండి. ఈ మట్టి నమూనా కూడా ల్యాబుకు పంపి, పీహెచ్ 8.5 దాటినా, ఈసీ 1 దాటినా తోలకండి. పల్లపు చెరువుల్లో లవణాలు పేరుకుని ఉంటాయి. వాటిని డబ్బిచ్చి మీ చేనులోకి తెచ్చుకున్నట్టవుతుంది. తవ్వకానికి అనుమతి ముందే తీసుకోండి.

ఎంత తోలాలి? పది శాతం బంక ఉన్న నేలను పదిహేను శాతానికి తేవాలనుకుందాం. చెరువు మట్టిలో సగం బంక ఉంటే ఎకరాకు 125 నుంచి 130 టన్నులు కావాలి. మూడు మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు, అర మీటరు ఎత్తున్న ట్రాలీలో 2.7 ఘనపు మీటర్లు, అంటే సుమారు 3.2 టన్నుల పొడి మట్టి పడుతుంది. ఆ లెక్కన 40 ట్రాలీలు. మీ ట్రాలీ కొలిచి లెక్క సరిచూసుకోండి. అంత ఖర్చు ఒకేసారి మోయలేకపోతే చేనంతా పలుచగా చల్లకుండా, ఏటా అర ఎకరం చొప్పున నిండా తోలండి. ఎకరాకు అయిదారు ట్రాలీలు వేసి మార్పు కనిపించలేదని విసిగిపోవడం చాలా ఊళ్లలో జరిగేదే. ఆ మోతాదుకు పెరిగే బంక ఒక్క శాతం కూడా ఉండదు.

పని మార్చి నుంచి మే మధ్యలోపు ముగించండి. ఎకరాకు 40 ట్రాలీలంటే పది మీటర్లకొక కుప్ప పడాలి. ముందే తాడు పట్టి సున్నం గుర్తులు పెడితే డ్రైవరు ఇష్టం వచ్చిన చోట పోయడు. కుప్పలు పరిస్తే మందం మూడు సెంటీమీటర్ల లోపే వస్తుంది. పెళ్లలను అలాగే ఎండనివ్వండి. మొదటి వానకు తడిసి, మళ్లీ ఎండి వాటంతట అవే పగులుతాయి. తర్వాత పదునులో కల్టివేటరు నిలువునా అడ్డంగా రెండు సార్లు తోలి, గుంటకతో చదును చేయండి. రెక్క నాగలితో లోతుగా తిరగేస్తే కొత్త మట్టి అడుగున పడి, వేరుశనగ వేళ్లకు అందకుండా పోతుంది. కలపకుండా పైన వదిలేసినా అనర్థమే. వాన పడి ఆరగానే పలకలా గట్టిపడి గింజ మొలక బయటికి రాదు.

చెరువు అయిదారు కిలోమీటర్లు దాటి ఉంటే బాడుగే ఎక్కువైపోతుంది. అప్పుడు ఆ డబ్బు గొర్రెల మందకు, దిబ్బ ఎరువుకు పెట్టడం మేలు.

దిబ్బ ఎరువు, గొర్రెల మంద

ఎకరాకు నాలుగు నుంచి అయిదు టన్నులు, విత్తడానికి రెండు వారాల ముందు. మోతాదు అందరికీ తెలిసిందే. తప్పు జరిగేది మాగడం దగ్గర. సగం కుళ్లిన పేడ ఎర్రనేలలో వేస్తే వేరుపురుగు తల్లులు అక్కడే గుడ్లు పెడతాయి, చెదలు చేరతాయి. ఆగస్టులో పచ్చగా ఉన్న వేరుశనగ మొక్క ఒక్కసారిగా వాడిపోయి, పీకితే చేతికి ఊడి రావడానికి కారణం చాలాసార్లు ఇదే. మాగిన ఎరువు నల్లగా, పొడిపొడిగా ఉంటుంది; పేడ వాసన రాదు, గడ్డిపోచలు గుర్తుపట్టేలా మిగలవు. మాగుతున్నప్పుడు దిబ్బలోది గుప్పెట్లో గట్టిగా పిండితే చెయ్యి తడవాలి గానీ నీరు కారకూడదు. పొడిగా ఉంటే మాగదు, ఎండాకాలంలో వారానికోసారి దిబ్బ తడపాల్సిందే.

ఎరువు తోలి కుప్పలుగా వారాల తరబడి ఎండలో వదిలేయడం మన దగ్గర మామూలైపోయింది. నత్రజని గాలిలో కలిసిపోయి పొట్టే మిగులుతుంది. తోలిన రోజే పరిచి, ఆ రోజే దున్ని కలపండి. అది కుదరకపోతే ఎరువును దిబ్బలోనే ఉంచండి.

ఎరువు తక్కువగా ఉంటే చేనంతా చల్లకుండా విత్తే సాళ్లలోనే పడేలా వేయండి. ఎండుకుళ్లు, మొదలుకుళ్లు వచ్చే చేనుకు 90 కిలోల మాగిన ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి (తెగులును అణిచే మేలు శిలీంధ్రం) పొడి కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో గోనెపట్టా కప్పి పది, పదిహేను రోజులు ఉంచండి. పైన తెల్లటి, పచ్చటి బూజు కమ్మితే సిద్ధమైనట్టు. ఎకరాకు ఆ మొత్తం సాళ్లలో చల్లండి, కానీ నేలలో పదును ఉన్నప్పుడే. ఎండు దుమ్ములో చల్లితే ఆ శిలీంధ్రం బతకదు.

గొర్రెల మంద కట్టిస్తే మూత్రం కూడా నేలకు దక్కుతుంది. దడి ప్రతి రాత్రీ జరపాలి. ఒకే చోట రెండు మూడు రాత్రులు నిలిపితే అక్కడ పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది, పక్కన పలుచబడుతుంది. మంద లేచిన మర్నాడే గుంటక తోలి కలపండి.

వేరుశనగ పొట్టు మిల్లుల్లో దొరికితే పచ్చిదాన్ని నేలలో దున్నకండి. అందులో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. కుళ్లించే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని లాక్కుని పైరును పసుపుపచ్చగా మారుస్తాయి. టన్ను పొట్టుకు 15 నుంచి 20 కిలోల యూరియా నీళ్లలో కలిపి చల్లి, పేడనీళ్లతో తడిపి గుంటలో మాగబెట్టండి. పొట్టును దున్నకుండా చీనీ (బత్తాయి) చెట్ల పాదుల్లో నాలుగు అంగుళాల మందాన పరిస్తే మాత్రం ఆ ఇబ్బంది లేదు, పైగా తేమ నిలుస్తుంది. చెట్టు మొదలుకు అడుగు దూరం వదలండి, లేకపోతే కాండం కుళ్లుతుంది.

పచ్చిరొట్ట గురించి ఒక హెచ్చరిక. నీటి వసతి ఉంటే జీలుగ గానీ జనుము గానీ ఎకరాకు 10 నుంచి 12 కిలోలు చల్లి, 45 రోజులకు పూత దశలో కలియదున్నడం చాలా మంచిది. వాన మీదే ఆధారపడ్డ ఎర్రనేలలో మాత్రం పచ్చిరొట్ట పెంచితే వేరుశనగకు దక్కాల్సిన పదును అది తాగేస్తుంది. అలాంటి చోట గట్ల మీద గ్లిరిసిడియా, కానుగ పెంచి, రెమ్మలు నరికి చేనులో వేసుకోండి.

వేరుశనగకు జిప్సం

జిప్సం కాల్షియం ఇచ్చే ఖనిజం. వేరుశనగలో ఇది నేలను మార్చడానికి వేసేది కాదు, కాయ నిండడానికి వేసేది. వేళ్లు తీసుకున్న కాల్షియం ఆకులకు చేరుతుంది గానీ ఆకుల నుంచి కిందికి దిగి కాయకు రాదు. కాయ తన చుట్టూ ఉన్న రెండు అంగుళాల మట్టి నుంచే నేరుగా తీసుకోవాలి. అందుకే జిప్సం ఎక్కడ పడిందన్నది ఎంత వేశామన్నంత ముఖ్యం.

ఎకరాకు 200 కిలోలు. పూత వచ్చి ఊడలు దిగడం మొదలయ్యే 35 నుంచి 45 రోజుల మధ్య, నేలలో పదును ఉన్నప్పుడు మొక్కల మొదళ్లకు రెండు వైపులా సాళ్ల వెంట పోసి, వెంటనే మట్టి ఎగదోయండి. ఊడలు దిగాక గుంటక తోలొద్దు, తెగిపోతాయి. వాన లేదని వాయిదా వేసి 60 రోజులకు వేస్తే కాయలు అప్పటికే తాలుబారి ఉంటాయి. పొటాష్ ఎక్కువ వేసినా కాయ చుట్టూ కాల్షియంకు పోటీ వచ్చి తాలు పెరుగుతుంది. జిప్సంకు బదులు సున్నం వేయమని ఎవరైనా చెబితే వినొద్దు. సున్నం పులుపు నేలలకు, మన నేలలు చాలావరకు తటస్థం లేదా క్షారం.

చౌడు నేలలకు

పైన తెల్లటి పొర పేరుకుని, ఈసీ 4 దాటి, పీహెచ్ 8.5 లోపు ఉంటే అది పాలచౌడు. దీనికి జిప్సం అక్కర్లేదు. మంచి నీళ్లు నిలబెట్టి, లవణాలు కరిగిన ఆ నీటిని మురుగు కాలువలోకి వదలాలి, అంతే. పీహెచ్ 8.5 దాటి, తడిస్తే జిగురుగా, ఎండితే రాయిలా ఉండి, గుంటల్లో నిలిచిన నీరు నల్లగా కనిపిస్తే కారుచౌడు. జిప్సం పని చేసేది దీనిమీద. రెండూ కలిసి ఉన్న నేలలో జిప్సం ముందు వేసి, ఆ తర్వాతే లవణాలు కడగాలి. ముందే లవణాలు కడిగేస్తే బంక రేణువులు విడిపోయి నేల మూసుకుపోతుంది, ఇక నీరు కిందికి దిగదు.

కర్నూలు–కడప కాలువ కింది పల్లపు మడులైనా, కడప జిల్లా బోరు మడులైనా అన్నిటికంటే ముందు చూడాల్సింది మురుగు పోయే దారి. జిప్సంలోని కాల్షియం మట్టి రేణువుల నుంచి సోడియంను తప్పిస్తుంది. ఆ సోడియం నీటితో కలిసి చేను బయటికి పోకపోతే మళ్లీ అక్కడికే చేరుతుంది. చేను పల్లపు అంచున కనీసం రెండున్నర, మూడు అడుగుల లోతు కాలువ తీసి, అది నిజంగా పారుతుందో లేదో చూసుకున్నాకే జిప్సం కొనండి.

ల్యాబు చెప్పిన జిప్సం మొత్తంలో సగం వేస్తే మొదటి ఏడాదికి చాలు. ఉదాహరణకు ఎకరాకు 4 టన్నులు అవసరమని వస్తే 2 టన్నులు. అది నూరు శాతం స్వచ్ఛమైన జిప్సంకు లెక్క. మీ సంచి మీద 70 శాతం అని ఉంటే 2 టన్నులను 0.7తో భాగించండి, దాదాపు 2.9 టన్నులు తేవాలి. గడ్డలు లేని మెత్తటి పొడే కొనండి.

మడిని చదును చేసి, గట్లు ఎత్తి, జిప్సం సమంగా చల్లి, పైన 10 సెంటీమీటర్లలోనే కలపండి. లోతుగా దున్నితే పలుచబడి పని తగ్గుతుంది. తర్వాత పది, పదిహేను రోజులు నీళ్లు నిలబెట్టండి. లీటరు నీటిలో కరిగే జిప్సం రెండు, రెండున్నర గ్రాములే. ఆ లెక్కన టన్ను జిప్సం కరగడానికి ఎకరంలో 10 నుంచి 12 సెంటీమీటర్ల నీరు కావాలి. నీళ్లు లేని కారుచౌడులో మూడు టన్నులు చల్లి ఒక వాన కోసం చూస్తే ఆ ఏడు ఏమీ కనిపించదు; పనిని వానలు బలంగా పడే ఆగస్టు, సెప్టెంబరుకు పెట్టుకోండి. నిలిచిన నీటిని కాలువలోకి వదిలాక జీలుగ చల్లి, పూతకు కలియదున్ని, మొదటి పైరుగా వరి నాటండి. వరి మడిలో జింకు లోపం తప్పక కనిపిస్తుంది కాబట్టి ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ దమ్ములో వేయండి. భాస్వరం ఎరువుతో కలిపి మాత్రం వేయొద్దు.

బోరు నీళ్లే చెడ్డవైతే నేలను ఎంత బాగుచేసినా మళ్లీ మొదటికే వస్తుంది. నీటి పరీక్షలో ఆర్‌ఎస్‌సీ (కాల్షియం, మెగ్నీషియంకు మించి నీటిలో మిగిలే కార్బొనేట్లు) లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు దాటితే జాగ్రత్త పడండి. ఒక మిల్లీ ఈక్వివలెంటు విరగాలంటే ఎకరాకు 5 సెంటీమీటర్ల తడికి 17 కిలోల స్వచ్ఛమైన జిప్సం కావాలి. 70 శాతం సరుకైతే 25 కిలోలు. జిప్సంను డ్రిప్పు ట్యాంకులో కలపకండి, సందులన్నీ మూసుకుపోతాయి. పాదుల్లో నేల మీదే చల్లండి.

రేగడికి

నంద్యాల, కోయిలకుంట్ల, జమ్మలమడుగు వైపు రేగడిలో ఇసుక తోలాలని అడిగేవాళ్లుంటారు. వద్దు. 55 శాతం బంకను 45కు దించాలంటే ఎకరాకు 200 టన్నుల ఇసుక పడుతుంది. రేగడికి కావాల్సింది సేంద్రియ పదార్థం, గాలి. పత్తి కట్టె, కంది కట్టె కాల్చకుండా ష్రెడ్డరుతో ముక్కలు చేసి కలపండి, ఎకరాకు నాలుగు టన్నుల ఎరువు వేయండి, తడి నేలలో ట్రాక్టరు దించకండి. ఏటా ఒకే లోతులో రోటవేటరు తోలితే అడుగున గట్టి పొర కడుతుంది. మూడేళ్లకోసారి వేసవిలో లోతు దుక్కి అవసరం. శనగలో నెర్రెలు మొదలవగానే సాళ్ల మధ్య గుంటక తోలి మూయండి.

ఇవి కాక మరో రెండు పదార్థాలున్నాయి: హైడ్రోజెల్, బొగ్గుపొడి. హైడ్రోజెల్ ఎకరాకు ఒకటి రెండు కిలోలు, విత్తే సాళ్లలోనే. స్వచ్ఛమైన నీటిలో తన బరువుకు వందల రెట్లు పీల్చే ఈ గుళికలు మన ఉప్పు బోరు నీటిలో అందులో కొంతే పీలుస్తాయి, కాబట్టి ముందు గ్లాసులో మీ నీళ్లతో నానబెట్టి చూడండి. బొగ్గుపొడి క్షార గుణం కలది, చౌడుకూ సుద్ద రేగడికీ పనికిరాదు. ఎర్రనేల పండ్ల గుంతల్లో పేడనీళ్లలో వారం నానబెట్టాకే వేయండి.

ఏది వేసినా చేను మధ్యలో అయిదు మీటర్ల వెడల్పు పట్టీ ఒకటి వేయకుండా వదిలి, నాలుగు మూలలా రాళ్లు పాతండి. అడుగు కోసేసిన పెయింటు డబ్బాను వేసిన చోట, వేయని చోట రెండు అంగుళాలు నేలలో దిగ్గొట్టి, లీటరు నీళ్లు పోసి ఎన్ని నిమిషాల్లో ఇంకాయో రాసుకోండి. వాన పడి వారం ఎండాక, మధ్యాహ్నం వేళ ఏ వైపు ఆకు ముందు ముడుచుకుందో చూడండి. కోతలప్పుడు రెండు చోట్లా 10 చదరపు మీటర్ల చొప్పున పీకి, కాయలు ఎండబెట్టి తూచండి. మిగతా ఎకరాలకు తోలాలా వద్దా అన్నది ఆ రెండు తూకాలు చూసి నిర్ణయించుకోండి.